అందరికీ సరిపడా

ఆ ఊళ్ళో పొగమంచు అందరికంటే ముందే లేస్తుంది. కొండ వాలున మెట్లు మెట్లుగా కట్టిన ఇళ్ళ మధ్యకి తీరిగ్గా నడిచొచ్చి, ఏ కిటికీ తెరిచి ఉంటే ఆ ఇంట్లోకి చుట్టపుచూపుగా దూరుతుంది. ఆ ఆదివారం కూడా అలాగే వచ్చి వంటింటిని సగం చెరిపేసింది. మంచం మీద కళ్ళు తెరవకుండానే కాటా తాతయ్యకి సన్నటి చప్పుడు వినిపించింది. వాన మొదలైందనుకున్నాడు. కాసేపు విన్నాక, ఈ వాన ఆగి ఆగి కురుస్తోందే అనిపించి లేచాడు.

వాన కాదు. కోడలు వంటింట్లో నేల మీద కూర్చుని వెండి రంగు దళసరి సంచుల్లోకి బియ్యం పోస్తోంది.

కాటా తాతయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఊరి మొదట్లో లారీలు తూచే కాటా దగ్గర ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాడు. ఆయన వేసిన తూకాన్ని మళ్ళీ తూచి చూసిన వ్యాపారి లేడని చెప్పుకుంటారు, ముఖ్యంగా ఆయనే చెప్పుకుంటాడు. ఉద్యోగం మానేసి పన్నెండేళ్ళయింది. అప్పట్నుంచి తూచడానికేమీ లేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

"పొద్దున్నే ఇదేం పనమ్మా?" అన్నాడు.

"నిలవ పెడుతున్నా మామయ్యా. మళ్ళీ దారి మూసుకుపోతే వీధిన పడకుండా."

దారి మూసుకుపోవడం కిందటి వానాకాలం మాట. కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. పదకొండు రోజులు కింద నుంచి ఒక్క బండి పైకి రాలేదు. రెండోరోజుకే దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. ఇంట్లో ఉన్నదాన్ని పలచన చేసి, ఇంకా పలచన చేసి, ఎలాగో పదకొండు రోజులు నెట్టుకొచ్చింది కోడలు. పన్నెండో రోజున మొదటి లారీ ఎక్కి వచ్చినప్పుడు వీధి వీధంతా ఏడ్చింది. ఈవిడ మాత్రం ఏడవలేదు. ఇంకోసారి ఇలా జరగనివ్వనని మనసులో గట్టిగా అనుకుంది.

అనుకున్నాక ఊరుకునే మనిషి కాదు. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఏ డబ్బా మీద ఏ గడువు తేదీ ఉందో చూడకుండా చెప్పగలదు. దుకాణానికి వచ్చే ఒక టీచరమ్మ దగ్గర ఇంట్లో తిండి దీర్ఘకాలం దాచుకోవడం గురించిన చిన్న పుస్తకం ఒకటి తెచ్చుకుని, అరిగిపోయేలా చదివింది. ఒకేసారి కొండంత కూడబెట్టొద్దని అందులో ఉందట. మొదట రెండు వారాలకి, తర్వాత మూడు నెలలకి, ఆ తర్వాతే ఏడాదికి.

"ఇంట్లోవాళ్ళు తినేవే దాచాలట మామయ్యా. తిననివి వందేళ్ళున్నా ఎవరికి? పాతది ముందు వాడాలి, కొత్తది వెనక పెట్టాలి. తెల్ల బియ్యమైతే గాలి తగలకుండా మూస్తే పాతికేళ్ళు ఉంటాయట."

"పాతికేళ్ళా?" కాటా తాతయ్య నవ్వాడు. "అప్పటికి నాకు నూట మూడు."

కోడలు కూడా నవ్వింది. నాలుగున్నర కిలోలు అనుకుంటూ గిన్నెతో కొలిచి పోస్తోంది. గిన్నెతో కొలవడం చూసి ముసలాయన ప్రాణం ఉసూరుమంది. తన గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి బల్లకాటా బయటికి లాగి, తుడిచి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"గిన్నె లోపల పెట్టు. ఇకనుంచి ఇది నా పని."

ఆ తర్వాత ఆరేడు ఆదివారాలు ఇంటిల్లిపాదీ కలలో ఉన్నట్టు గడిపారు. పొగమంచు లోపలికి వస్తుంది, పోతుంది. గింజలు జలజలా పడతాయి. కాటా ముల్లు ఊగి ఊగి ఆగుతుంది. కాటా తాతయ్య ఊపిరి బిగబట్టి రెండు గింజలు తీసేస్తాడు, ఒకటి మళ్ళీ వేస్తాడు. కోడలు ప్రతి సంచిలో గాలిని పీల్చే చిన్న పొట్లం ఒకటి వేసి, అంచుని చెక్క మీద పరిచి ఇస్త్రీపెట్టెతో అతికిస్తుంది. పెద్దపిల్ల, పదహారేళ్ళది, సంచి మీద తేదీ రాస్తుంది. ఏడేళ్ళ చిన్నదాన్ని అందరూ బుడంకాయ అంటారు. దాని పని మూసిన సంచి మీద కూర్చుని గాలి పోతోందో లేదో చూడటం. ఆ పని ఎవరూ దానికి చెప్పలేదు.

కొడుకు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి. సొంత నాన్నకి కొత్త కళ్ళజోడు చేస్తానని మూడు నెలలుగా చెబుతున్నాడు, అది మాత్రం ఇంకా చెయ్యడంలోనే ఉంది. ఈ నిలవ వ్యవహారంలో అతని పాత్ర బస్తాలు మోసుకొచ్చి, నడుం పట్టుకుని, "యుద్ధమేమైనా వస్తోందా మనింటి మీదికి?" అని విసుక్కోవడం.

"వస్తే మాత్రం వాళ్ళకీ పెడతాం," అంటుంది భార్య ఇస్త్రీపెట్టె ఆపకుండా.

ఒక ఆదివారం బుడంకాయ పంచదారలో కూడా ఆ గాలి పొట్లం వేసేసింది. మరుసటి వారానికి అది బండరాయిలా బిగుసుకుంది. పంచదారకీ ఉప్పుకీ ఆ పొట్లం అక్కర్లేదని పుస్తకంలో ఉంది, బుడంకాయకి పుస్తకంతో పనిలేదు. కాటా తాతయ్య దాన్ని సుత్తితో పగలగొట్టి, ముక్కలు మళ్ళీ తూచి, ఎనిమిది గ్రాములు తగ్గాయని ప్రకటించాడు. ఆ ఎనిమిది గ్రాములూ బుడంకాయ మూతి మీద ఉన్నాయి.

పాత కుట్టుమిషను గది సామాన్ల గది అయింది. ఎండ పడని గది, గోడ ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అక్కడ చెక్క అరల మీద డబ్బాలు, డబ్బాల్లో సంచులు. తలుపు లోపలివైపు కోడలు ఒక కాగితం అంటించింది. మందుల చీటీల మీద రాసి రాసి ఆమె అక్షరాలు చీమలంత అయిపోయాయి. ఆ కాగితంలో ఎవరెవరికి ఏమిష్టమో వాళ్ళ వాళ్ళ వరసలో రాసుకుంది. కాటా తాతయ్యకి ఆ పాత కళ్ళజోడులోంచి అదొక మసక మరకలా కనిపించేది తప్ప చదవడానికి వచ్చేది కాదు. అడిగితే చదివి పెడుతుంది. అడగాల్సిన అవసరం ఏముంది అనుకున్నాడు.

పనంతా అయ్యాక కోడలు ఒక్కోసారి ఆ గదిలో ఊరికే నిలబడేది. అప్పుడు ఆమె కళ్ళ ముందు ఒక కల కదిలేది. బయట దారి లేదు, ఊరు లేదు, పొగమంచు ఒక్కటే ఉంది. దాని మధ్యలో ఈ ఇల్లు పడవలా మెల్లగా తేలుతోంది. లోపల దీపం వెలుగుతోంది. అందరూ కంచాల ముందు కూర్చున్నారు, తను వడ్డిస్తోంది. ఎవరూ ఆకలి అనడం లేదు. ఆ కలలోంచి బయటికి రావాలనిపించక, చీపురు కోసం వచ్చినట్టు నటిస్తూ ఇంకాసేపు అక్కడే ఉండేది.

ఏడో ఆదివారం ఆఖరి సంచి అంచు అతికించి, ఇస్త్రీపెట్టె తీగ చుట్టేసింది.

"అయిపోయింది మామయ్యా. మూడు నెలలకి ఇంట్లో అందరికీ సరిపడా ఉంది. ఇక ఏ కొండ విరిగినా నాకు భయం లేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. కాటా తాతయ్యకి కూడా లారీ నిండా సరుకు తూచి పంపించినంత తృప్తిగా ఉంది. ఆ తృప్తితోనే మధ్యాహ్నం మంచం మీద వాలి, అలవాటు చొప్పున మనసులో మొత్తం లెక్క కట్టుకున్నాడు.

మొదటిరోజే కోడలు చెప్పింది, మనిషికి నెలకి రెండు బియ్యం సంచులు, ఒక పప్పు సంచి. అంటే మూడు నెలలకి మనిషికి ఆరు బియ్యం సంచులు, మూడు పప్పు సంచులు. ఇంట్లో అయిదుగురు. బియ్యం సంచులు ముప్ఫై ఉండాలి.

తను తూచినవి ఇరవై నాలుగు.

లెక్క తప్పి ఉంటుందని లేచి వెళ్ళి సామాన్ల గదిలో చేత్తో తడిమి లెక్కపెట్టాడు. ఇరవై నాలుగే. పప్పు సంచులు పదిహేను ఉండాలి. పన్నెండున్నాయి. బియ్యం ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఇది నలుగురి తిండి.

అయిదుగురున్న ఇంట్లో నలుగురి తిండి అంటే, ఆ అయిదో మనిషి ఎవరో తెలియడానికి కాటా అక్కర్లేదు. పాతికేళ్ళు నిలవుండే సరుకు మీద డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలివాడి వాటా ఎవరు రాస్తారు?

మళ్ళీ వచ్చి పడుకున్నాడు. నిద్ర కాదు, మెలకువా కాదు. ఆ మగతలో పాతికేళ్ళు గడిచిపోయాయి. అదే గది. బుడంకాయ పెద్దదైపోయింది, జుట్టు ముడి వేసుకుని ఒక వెండి సంచి కత్తిరిస్తోంది. బియ్యం నిన్న పోసినట్టు తెల్లగా జారుతున్నాయి. పక్కనెవరో ఇవి ఎవరు తూచారని అడుగుతున్నారు. బుడంకాయ ఆలోచిస్తోంది, గుర్తు రావడం లేదు. ఆయన ఆ గదిలోనే ఒక మూల నిలబడి నేనే, నేనే అంటున్నాడు. మాట బయటికి రాలేదు. కళ్ళు తెరిచేసరికి దిండు తడిగా ఉంది.

కోడలి తప్పేం లేదని తనకి తానే చెప్పుకున్నాడు. లెక్కంటే లెక్కే. తను ఆ స్థానంలో ఉన్నా అలాగే రాసేవాడేమో. ఇలా ఎంత చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఒక్కరోజు కూడా మాట విసరలేదు. అలాంటి మనిషి నవ్వుతూ నవ్వుతూ తనని పక్కకి తీసి పెట్టింది, పైగా తను తూచి ఇస్తుంటే ఆ సంచులు మూసింది.

ఆ రాత్రి నుంచి ఆయన కంచంలో ముద్దలు తగ్గాయి. "చాలమ్మా, ఈ వయసులో అరగదు," అనేవాడు. కోడలు పొట్టలో బాగాలేదేమోనని జీలకర్ర కాచి ఇచ్చింది. అది తాగుతుంటే ఆయనకి ఇంకా ఏడుపొచ్చింది. వారం గడిచాక కింద ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటానన్నాడు. ఆవిడ సంతోషంగా రమ్మంది. ఎందుకని అడగలేదు.

మళ్ళీ ఆదివారం. పొగమంచు యథాప్రకారం వచ్చి కూర్చుంది. కోడలు పొయ్యి మీద అన్నం పెట్టి, కూరకి ఉల్లిపాయలు తరుగుతోంది. కొడుకు బయటి గదిలో పేపరు చూస్తున్నాడు. కాటా తాతయ్య ఉతికిన బట్టలు వేసుకుని, చేతిసంచితో గదిలోంచి వచ్చాడు.

"ఎక్కడికి నాన్నా?"

"మీ అత్త దగ్గరికి. కొన్నాళ్ళుండి వస్తా."

"ఉన్నపళంగా ఏమిటి? అత్తకి ఒంట్లో బాగాలేదా?"

"దానికేం, బ్రహ్మాండంగా ఉంది."

"మరి?"

కాటా తాతయ్య అబద్ధం ఒకటి తయారుచేసుకునే వచ్చాడు. తీరా చెప్పబోయేసరికి నోరు తిరగలేదు. ముప్ఫై ఆరేళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పిన నోరు. "ఇక్కడ సరుకు నలుగురికే ఉందిరా," అన్నాడు మెల్లగా. "నేను కిందికి వెళ్తే లెక్క సరిపోతుంది."

కొడుక్కి ముందు అర్థం కాలేదు. విడమర్చి చెప్పాక పేపరు పక్కన పెట్టేశాడు. ఇరవై నాలుగు, పన్నెండు. కళ్ళద్దాల మనిషి కూడా ఆ మాత్రం భాగహారం చెయ్యగలడు. మొహం ఎర్రబడింది.

"ఏమోయ్, ఇలా రా ఒకసారి."

ఆ పిలుపులోనే తేడా ఉంది. కోడలు చేయి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. పిల్లలిద్దరూ తలుపు దగ్గర చేరారు.

"ఆ గదిలో సరుకు ఎంతమందికి?"

"అందరికీ. ఏమండీ, ఏమైంది?"

"అందరికీ అంటే ఎంతమంది?"

ఆమె మామగారి చేతిలో సంచి చూసింది. భర్త మొహం చూసింది. "మనింట్లో ఎంతమందో మీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీకే తెలియనట్టుంది. మనిషి కళ్ళ ముందు తిరుగుతుండగానే ఆయన్ని లెక్కలోంచి తీసేశావా? ఎన్నాళ్ళుంటాడో తెలీదని వాటా దండగ అనుకున్నావా? ఆయనే తూచి ఇస్తున్నాడు, ఆయన ఎదురుగా కూర్చుని ఆ సంచులు ఎలా మూశావు?"

"నాన్నా," అంది పెద్దపిల్ల. అతను వినిపించుకోలేదు.

 పద్దెనిమిదేళ్ళలో అతను ఆ గొంతుతో మాట్లాడింది లేదు. కోడలు గోడకి ఆనుకుంది. "మామయ్యా, మీరూ అలాగే అనుకున్నారా?" అని అడిగింది.

కాటా తాతయ్య తలెత్తలేదు. "తప్పని నేను అనట్లేదమ్మా."

"మీరు తప్పని అంటే బావుండేది," అంది. ఆ మాట తర్వాత కళ్ళ నీళ్ళు ఆగలేదు. విసురుగా సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపుకి అంటించిన కాగితాన్ని పీకేసింది. నాలుగు మూలలూ తలుపుకే ఉండిపోయాయి. తెచ్చి భర్త ముందు నిలబడి, ఏడుపు మింగుతూ చదవడం మొదలుపెట్టింది.

"వినండి. మొదటి వరసే మామయ్యది. మామయ్యకి తొందరగా ఉడికే పప్పు, పళ్ళకి పట్టకూడదు. పాలపొడి, రాత్రి పాలు లేకపోతే నిద్రపోరు. ఉప్పు తక్కువ. రెండోది మీది. మీకు శనగలు, కాఫీ. కాఫీ లేకపోతే ఆ పదకొండు రోజులూ మీకు తలనొప్పి. పెద్దదానికి గోధుమపిండి, రాత్రి అన్నం అంటే మొహం తిప్పుకుంటుంది. బుడంకాయకి బెల్లం, వేరుశనగలు. ఇవిగో, నలుగురివీ రాశాను. ఎవర్ని తీసేశాను నేను?"

 పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మామయ్య ఒకటి," అని ఆమె మళ్ళీ వేళ్ళు మడిచింది, వీళ్ళకి ఇంకా నమ్మకం కుదరలేదేమోనని. "మీరు రెండు, పెద్దది మూడు, బుడంకాయ నాలుగు. అందరూ ఉన్నారు కదా?"

నాలుగు వేళ్ళు మడిచి ఉన్నాయి. బొటనవేలు ఒక్కటీ విడిగా నిలబడి ఉంది. ఆమె దాన్ని చూడటం లేదు.

బుడంకాయ దగ్గరికొచ్చి ఆ వేలు పట్టుకుంది. "మరి నువ్వమ్మా?"

కోడలు పిల్ల వైపు చూసింది, కాగితం వైపు చూసింది. పైనుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చదువుకుంది. మందుల దుకాణంలో వందల చీటీల్లో ఒక్క అంకె తేడా వస్తే పట్టేసే మనిషి. ఆ తర్వాత చిన్నగా, సిగ్గుపడినట్టు నవ్వింది.

"నాదేముందే. నాకు ఎలాగోలా సరిపోతుంది. మీరంతా తిన్నాక మిగిలేది ఉంటుందిగా."

ఆ మాట కాటా తాతయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చేతిసంచి కింద పెట్టేశాడు.

"మిగిలేది అంటూ ఈ లెక్కలో ఏదీ లేదమ్మా," అన్నాడు.  "ప్రతి సంచీ నేనే తూచాను, గింజ తేడా లేకుండా. ఎవరి వాటా వాళ్ళు తింటే అడుగున ఏమీ మిగలదు. అప్పుడు నువ్వేం తింటావు?"

ఆమె చేతిలోని కాగితాన్ని నలిపేస్తూ నిలబడింది.

"తొమ్మిదో రోజు," అంది పెద్దపిల్ల. అంతవరకూ తలుపుకి అతుక్కున్నట్టు నిలబడింది. "దారి మూసుకుపోయినప్పుడు తొమ్మిదో రోజున అమ్మ గిన్నెలు కడుగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నీరసం, వానాకాలం అందరికీ ఉండేదే అంది. మనం నమ్మాం. నాన్నా, ఆ రోజుల్లో అమ్మ తినడం నువ్వు చూశావా? నేను చూడలేదు."

కొడుకు చూడలేదు. గుర్తు తెచ్చుకుందామని చూశాడు. వడ్డిస్తున్న చేతులు గుర్తున్నాయి, నీళ్ళు పోస్తున్న చేతులు గుర్తున్నాయి. ఆమె కంచం రంగేమిటో కూడా అతనికి గుర్తు రాలేదు. అయిదు నిమిషాల కింద తను అన్న మాటలు ఒక్కోటీ వెనక్కొచ్చి తగులుతున్నాయి. భార్య దగ్గరికి వెళ్ళబోయి, ఏ మొహంతో వెళ్ళాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు.

"లారీ కాటా మీదికి వచ్చాక డ్రైవర్ని కిందికి దిగమనేవాణ్ణి," అన్నాడు కాటా తాతయ్య, ఎవరితోనో చెబుతున్నట్టు. "డ్రైవరు బరువు సరుకులో కలవకూడదని రూలు. ముప్ఫై ఆరేళ్ళు దింపాను. అంత బరువూ కొండ ఎక్కించి తెచ్చినవాడు పక్కన చలిలో నిలబడి చూస్తుండేవాడు, చీటీలో వాడుండడు. అక్కడంటే అది న్యాయమే. ఇంట్లో కూడా అలాగే తూచానా నేను? ఇరవై నాలుగు అనగానే ఆ లేని మనిషి నేనే అనుకున్నాను తల్లీ. నువ్వేమో అన్న ఊహే రాలేదు. అంత గుడ్డివాణ్ణయిపోయాను."

"అలా అనకండి మామయ్యా."

"నీదాకా ఎందుకు, పోయిన మీ అత్తయ్యతో నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. ఆవిడకి ఏమిష్టమని ఇప్పుడు ఎవరైనా అడిగితే..." ఆయన ఆగాడు. చాలాసేపు వెతికాడు. పొగమంచులో ఏ గిన్నె ఎక్కడుందో వెతికినట్టు, నలభై ఆరేళ్ళంతా చేత్తో తడిమాడు. నాకిది కావాలి అని ఆవిడ అన్న పూట ఒక్కటీ దొరకలేదు. "నాకు తెలీదు. ఇక అడుగుదామన్నా లేదు."

ముసలాయన ఏడవడం ఆ పిల్లలెప్పుడూ చూడలేదు. బుడంకాయ వెళ్ళి ఆయన మోకాళ్ళని పట్టుకుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు మెల్లగా వచ్చి ఆమెకి అటువైపు నేల మీద కూర్చుని, "నన్ను క్షమించు," అన్నాడు. తల వంచుకునే అన్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది, అంతే. అంత తొందరగా పోయే నొప్పి కాదు అది, అతనికీ తెలుసు.

కాసేపటికి కాటా తాతయ్య మొహం తుడుచుకున్నాడు. చిరిగిన కాగితాన్ని నేల మీద సాపు చేసి పెద్దపిల్లకి ఇచ్చాడు.

"రాయమ్మా. అయిదో వరస. అమ్మ."

పెద్దపిల్ల కలం తెచ్చి, కాగితం అడుగున అమ్మ అని పెద్ద అక్షరాలతో రాసింది. తాతయ్యకి కళ్ళజోడు లేకుండా కూడా కనపడేంత పెద్దవి.

"నీకేమిష్టమో చెప్పు తల్లీ. నేనే తూస్తాను."

"నాకా? నాకేదైనా ఒకటే మామయ్యా."

"ఏదైనా అనే సరుకు దుకాణంలో దొరకదు. చెప్పు."

"శనగలా అమ్మా?" అంది పెద్దపిల్ల.

"అవి మీ నాన్నకి."

"బెల్లం?" అంది బుడంకాయ ఆశగా.

"అది నీది."

అందరూ ఎదురు చూస్తున్నారు. కోడలు నిజంగానే ఆలోచించింది. ఇంట్లో ఎవరికి ఏది పడుతుందో, ఏది పడదో, ఎవరు ఏ పూట ఎంత తింటారో ఆమెకి కంఠతా వచ్చు. తన దగ్గరికి వచ్చేసరికి అక్కడేమీ లేదు. తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ తెల్లదనంలోకి కాస్త భయంగా చూస్తూ కూర్చుంది. చాలా దూరంలో ఎక్కడో, పెళ్ళికి ముందు పుట్టింట్లో గడిపిన ఒక ఉదయం కనిపించింది. పరీక్షకి టైమైపోతోందని వాళ్ళమ్మ అందరికంటే ముందు తనకే పెట్టేసింది. కంచంలోంచి ఆవిరి లేచి మొహానికి తగిలింది. ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ తింది. ఏం కూరో గుర్తులేదు.

"వేడిగా ఉన్నది," అంది మెల్లగా. అనేశాక తనకే ఆశ్చర్యమేసింది. "ఏదైనా ఫరవాలేదు మామయ్యా. వేడిగా ఉంటే చాలు. నాదాకా వచ్చేసరికి చల్లారిపోతుంది కదా, అందుకని..."



పెద్దపిల్ల కలం కాగితం మీదే ఆగిపోయింది. ఏం రాయాలో దానికి తెలియలేదు. పాతికేళ్ళు నిలవ ఉండే వెండి సంచులు, గాలి చొరబడని డబ్బాలు, ఎండ పడని గది అన్నీ ఉన్నాయి. ఆమె అడిగింది వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ పట్టేది కాదు.

కాటా తాతయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. కొడుకు ఆయనకంటే ముందే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అన్నం అప్పుడే ఉడికింది. గిన్నె దించడం అలవాటు లేక వేళ్ళు కాల్చుకున్నాడు, ఆ సంగతి పైకి అనలేదు. కూర ఇంకా కాలేదు, ఉల్లిపాయలు సగం తరిగి అలాగే ఉన్నాయి. పెద్దపిల్ల అరలన్నీ వెతికి కొంచెం నెయ్యి, ఉప్పు పట్టుకొచ్చింది.

కోడలు లేవబోయింది. "ఉండండి, నేను వడ్డిస్తాను, అందరూ కూర్చోండి."

"కూర్చోమ్మా," అన్నాడు కాటా తాతయ్య.

ఆమె కూర్చుంది. ముసలాయన గిన్నెలోంచి మొదటి గరిటె తీసి ఆమె కంచంలో పెట్టాడు. తూచలేదు. రెండోది పెట్టాడు. ఆవిరి గుప్పుమని లేచి, కిటికీలోంచి వచ్చిన మంచులో కలిసి, ఆమె మొహం కాసేపు ఎవరికీ కనిపించలేదు. చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఊదుతూ, ఏడుస్తూ తింది.

మిగతా నలుగురూ ఖాళీ కంచాలు ముందు పెట్టుకుని, ఆమె తినడం అయ్యేదాకా కూర్చున్నారు.